మేనత్త ఇంటి ముందు ఆగిన కారు

నా చిన్నప్పుడు ఒక శనివారం ఉదయం ఏడు గంటల అయిదు నిమిషాలకు మా మేనత్త పాలగిన్నె పొయ్యి మీద పెట్టి వంటింట్లోంచి బయటికి వెళ్ళింది. అప్పుడే రేడియోలో వార్తలు మొదలయ్యాయి కాబట్టి ఆ సమయం నాకు గుర్తుంది. పాలు పొంగి, పొయ్యి ఆరిపోయింది. అత్త తిరిగి రాలేదు. నేను వెళ్ళి చూస్తే, గేటు లోపల కారు ముందు నిలబడి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా లోపలికి చూస్తోంది.

మామయ్య పోయి అప్పటికి నెల కాలేదు.

మా నాన్నకు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. చదువు పాడవుతుందని నన్ను మారేడ్‌పల్లిలో మేనత్త దగ్గర ఉంచారు. అత్తకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో మేం ముగ్గురం, ఆ కారు. మామయ్య దాన్ని ఎవరి షెడ్డులోంచో తుప్పు పట్టిన డొక్కుగా తెచ్చుకున్నాడట. ఆదివారాలు దాని కిందే గడిచేవి. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని, స్క్రూడ్రైవర్ పిడితో అడుగురేకును కొడుతూ పోయేవాడు. గట్టి ఇనుమైతే మోగుతుంది. తుప్పు తినేసిన చోట మట్టిని కొట్టినట్టు ఉంటుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసేవాడు. తర్వాత ఆ మేరకు కోసి, నూనెడబ్బా రేకు వేసి బిగించి, ఎర్ర రంగు పూసేవాడు. అత్త పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకునేది. 'ఇటు' అంటే ఇటు, 'అటు' అంటే అటు. ఆమెకు కారు గురించి ఎవరూ ఏమీ నేర్పలేదు. టార్చి వెలుగు పడినంత మేర మాత్రం చూసింది. అలా కొన్నేళ్ళు చూసింది.

ఆ కారు దారిలో చాలాసార్లు ఆగిపోయేది. బేగంపేట రోడ్డు మీద ఆగేది, స్టేషను ముందు ఆగేది. ఎక్కడ ఆగినా మామయ్య అక్కడే బాగుచేసుకుని నడిపించుకుని వచ్చేవాడు. ఒక్కసారి కూడా దాన్ని తాడు కట్టి లాగించుకుని రాలేదు. దాని గురించి ఆయన గొప్పగా చెప్పుకున్న సంగతి అదొక్కటే.

ఒక సాయంత్రం ఆయన కారు ఇంట్లో పెట్టి లోపలికి వచ్చి, ఛాతీలో బరువుగా ఉందని కుర్చీలో కూర్చున్నాడు. రిక్షా పిలిచారు. ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు. ఒక గుడ్డసంచి మాత్రం వచ్చింది. అందులో ఆయన వేసుకుని వెళ్ళిన బట్టలు ఉన్నాయి. అత్త దాన్ని విప్పలేదు. పదకొండో రోజున బంధువుల ఆడవాళ్ళు ఆయన బట్టలన్నీ మూటకట్టి, మాకు బట్టలుతికే అవ్వకు ఇచ్చారు. ఆ సంచి కూడా మూటలోకి వెళ్ళింది. పోయినవాళ్ళ బట్టలు అలా ఇవ్వడం మా వాళ్ళలో ఆనవాయితీ. ఇచ్చినవాటి ఊసు మళ్ళీ ఎత్తకూడదు.

తర్వాత మామయ్య అన్నగారు వచ్చారు. ఆయన్ను నేను పెదమామ అనేదాన్ని. చెడ్డవాడు కాదు. ఆ కారు కళ్ళ ముందు ఉంటే అత్తకు బాధ తగ్గదని ఆయన నమ్మకం. తాళం తిప్పి చూస్తే అది స్టార్టు కాలేదు. ఆదివారం జీపు తెచ్చి, తాడు కట్టి లాక్కెళ్ళి పాత ఇనుము కొనే కబాడీ వాళ్ళకు ఇచ్చేస్తానన్నారు. అత్త తలుపు చాటు నుంచే మాట్లాడింది.

"పోవుడు పోనీ బావగారూ. నడుచుకుంట పోతే నాకేం లేదు. తాడు కట్టి మాత్రం లాగనియ్య."

"నడవనిదాన్ని లాగకపోతే ఏం చెయ్యాలమ్మా? ఎత్తుకపోవాల్నా?"

"ఆదివారం దాంక ఆగుండ్రి."

ఆయన ఆగారు. అత్తకు కారు ఉంచుకోవాలని లేదు. నాకు ఆ వయసులో అది అర్థం కాలేదు. ఆమెకు కావలసింది, ఆ కారు ఆ గేటు దాటేటప్పుడు దాని ఇంజను దానంతట అది తిరుగుతూ ఉండడం. అంతే.

ఆ వారమంతా పక్కింటి తాత వచ్చి చూశాడు. ఆయన మిలిటరీలో లారీలు నడిపి రిటైరైన మనిషి. అత్త ఆయన్ను కాకా అనేది. బ్యాటరీ విప్పి ఛార్జింగుకు పంపించాడు, ప్లగ్గులు తీసి తోమాడు, కార్బురేటర్ కడిగాడు, పెట్రోలు గొట్టం మార్చాడు. అన్నీ అయ్యాకే ఒక్కసారి తిప్పి చూశాడు. ఇంజను తిరిగింది గాని అంటుకోలేదు.

"ఇది కారు గాదు బిడ్డా, జల్లెడ. తుప్పంత తీస్తే లోపల గాలి మిగుల్తది. ఇనుముంటె గద నడిచేటందుకు," అన్నాడు.

వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు. తుప్పు. వానాకాలం. కదలకుండా నిలబడ్డ బండి. నేనూ అదే అనుకున్నాను. తలుపు కింద వేలు పెడితే గోధుమరంగు పొడి రాలేది. అంతకన్నా కారణం ఏం కావాలి?

ఆ శనివారం అత్త బానెట్ ముందు ఎంతసేపు నిలబడిందో తెలియదు. పాలు పొంగిపోయాయని చెబితే 'సరే' అంది. తర్వాత నన్ను పంపి తాతను పిలిపించింది.

"కాకా, ఇయ్యాల ఒక్కటే చేద్దాం. చేసి చూద్దాం. అది ఏం చెప్తదో ఇని, అప్పుడు రెండోదానికి పోదాం. అన్ని ఒక్కపారే ముడితే ఏది ఏందో తెలుస్తలేదు," అంది.

"మిలిట్రీల గిట్ల ఒకటొకటి చేస్తే మేం తుపాకి తీసేటాళ్ళకు యుద్ధం అయిపోతుండె."

"మనకాడ యుద్ధం లేదు గద కాకా. రేపటి దాంక టైమున్నది."

తాత నవ్వాడు. అత్త నవ్వలేదు, కానీ చీర కొంగు నడుముకు బిగించింది.

ముందుగా ఒక ప్లగ్గు విప్పించింది. దాన్ని వైరుకు తగిలించి, చెక్క క్లిప్పుతో పట్టుకుని, ఇంజను ఇనుముకు ఆనించి ఉంచమని నాకు చెప్పింది. మామయ్య అలాగే చేసేవాడు. తాత ముందువైపు హ్యాండిల్ వేసి తిప్పాడు. మెరుపు కనిపించాలి. నేను కళ్ళార్పకుండా చూశాను. ఏమీ లేదు.

"ఏందే, కనబడ్డదా?"

"లేదు అత్తా."

"మంచిగ చూసినవా?"

"చూసిన."

తిట్టలేదు, నిట్టూర్చలేదు. ఆ వైరు ఎక్కడి నుంచి వస్తోందో వేలితో తడుముకుంటూ వెనక్కి వెళ్ళింది. ఒక నల్లటి గుండ్రటి మూత దగ్గర ఆగింది. ప్లగ్గులకు పోయే వైర్లన్నీ అందులోంచే వస్తాయి. దాని నడిమధ్యలోకి ఇంకో వైరు దిగుతుంది. కరెంటు లోపలికి వచ్చేది దాని గుండానే. అత్త ఆ నడిమి వైరును పైకి లాగి నా క్లిప్పుకు ఇచ్చింది. తాత మళ్ళీ తిప్పాడు. ఈసారి ఇనుముకూ వైరుకూ మధ్య నీలంగా చిటపటలాడింది. నేను అరిచాను.

"ఇక్కడిదాంక వస్తున్నది," అంది అత్త. "ఇక్కడికెంచి పోతలేదు."

మూతకు రెండు పక్కలా ఉన్న స్ప్రింగు పట్టీలు తీసి మూత ఎత్తింది. తాత ముందుకు వంగి చూసి, హ్యాండిల్ కింద పెట్టేశాడు.

లోపల ఒక చిన్న ముక్క ఉండాలి. రోటర్ అంటారు. నల్లగా, బొటనవేలంత ఉంటుంది, పైన ఇత్తడి రేకు. ఇంజనుతో పాటు తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు వంతు ప్రకారం కరెంటు అందించేది అదే. అది ఉండాల్సిన చోట ఖాళీ కడ్డీ ఉంది. విరగలేదు, కాలలేదు, తుప్పు పట్టలేదు. ఎవరో తీశారు.

ఎవరో ఏమిటి? మామయ్యే తీశాడు. ఆ సందులో ఒకసారి ఎవరిదో కారు పోయింది. అప్పటినుంచి రోజూ కారు ఆపగానే మూత తీసి ఆ ముక్కను జేబులో వేసుకుని లోపలికి వచ్చేవాడు. వచ్చాక అల్మారాలో గాజుగ్లాసులో వేసేవాడు. పొద్దున తీసుకెళ్ళి పెట్టుకునేవాడు. ఆ రోజుల్లో చాలామంది అలా చేసేవారు. అది లేకుండా దొంగ ఎంత తిప్పినా బండి కదలదు. ఆ పని పొద్దునా సాయంత్రమూ ఇంట్లో అందరి కళ్ళ ముందే జరిగేది. అందుకే కాబోలు, ఎవరికీ గుర్తు రాలేదు.

అత్త లోపలికి వెళ్ళి అల్మారా తెరిచి చూసింది. గ్లాసు ఖాళీగా ఉంది. వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఛాతిల నొప్పి పెట్టుకొని సుత బానెట్ ఎత్తిండు," అంది.

ఆమె గొంతులో ఏడుపు లేదు. గోడ మీద గడియారం చూసి టైము చెప్పినట్టు చెప్పింది. రోటర్ ఆ రోజు గ్లాసులో పడలేదంటే జేబులోనే ఉండిపోయింది. ఆ చొక్కా ఆస్పత్రికి వెళ్ళింది, సంచిలో వచ్చింది, మూటలో పోయింది.

కొత్త ముక్క కొనుక్కొస్తానన్నాడు తాత. ఆ మోడలుకు సరిపోయేది ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో వెతకాలి, వెతికేసరికి ఆదివారం దాటిపోతుంది. అత్త నన్ను చెప్పులు వేసుకోమంది. తాత అడ్డం వచ్చాడు. నెల మాసికం కాకుండా మరొకరి గడప తొక్కకూడదు. అందులోనూ పోయినవాళ్ళ పేరున ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికి వెళ్ళడమా అన్నాడు.

"గడప తొక్క కాకా. సందులో నిలబడ్త. చొక్కా అడుగ. జేబు చూడుమంట. గంతే," అంది అత్త.

అవ్వ వాళ్ళ ఇల్లు సీతాఫల్‌మండిలో. రిక్షాలో వెళ్ళాం. సందు మొదట్లో కుళాయి ఉంది. అక్కడ దిగి నిలబడి, నన్ను లోపలికి పంపింది. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు బల్ల వేసుకుని ఒకాయన ఇస్త్రీ చేస్తున్నాడు. అవ్వ కొడుకు. ఆయన ఒంటి మీద మామయ్య చొక్కా ఉంది.

సన్న నీలం గీతల చొక్కా. కాలరు దగ్గర మామయ్య గోక్కునే చోట కొంచెం వెలిసి ఉంటుంది. ఆ వెలిసిన చోటు కూడా కనిపించింది. ఆ మనిషి చేయి ముందుకూ వెనక్కూ పోతుంటే చొక్కా కదులుతోంది. నాకు ఏడుపు రాలేదు. చెప్పవలసిన మాట మరిచిపోయాను. ఆయన తలెత్తి, "ఎవ్వరు గావాలె పాపా?" అన్నాడు. నేను చొక్కా జేబు వైపు వేలు చూపించాను.

అవ్వ బయటికి వచ్చింది. నన్ను చూసింది, కొడుకును చూసింది, సందు మొదట్లో నిలబడ్డ అత్తను చూసింది. ఏమీ అడగకుండా లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. ఉతికే బట్టల జేబుల్లో దొరికినవన్నీ ఆమె ఆ డబ్బాలో వేసేది. గుండీలు, పిన్నులు, తాళంచెవులు. మర్నాడు ఎవరివి వాళ్ళకు ఇచ్చేసేది. మా ఇంటికి కూడా ఎన్నోసార్లు అలా తెచ్చి ఇచ్చింది. డబ్బాలోంచి నల్లముక్క తీసి చేతిలో పట్టుకుని అత్త దగ్గరికి నడిచింది.

"ఇదేనా అమ్మా?"

"ఇదే అవ్వా."

"పోయినారం బట్టలకొచ్చినప్పుడు సుత నా కొంగుల్నే ఉండె. తియ్యబోయిన. మల్ల, పోయినోళ్ళ వస్తువు మల్లొకసారి ఇంటికి తెచ్చుడు మంచిది గాదంటరు గదా అని ఊకున్న. నిన్ను జూస్తే నోరు రాలె."

"నాకు సుత అడుగొద్దంటరు. నేను సుత ఊకుందుననే అనుకున్న."

"ఏమైతది అడిగితే? నేనేమన్న పులినా?"

"నువ్వు ఇస్తే నేనేమన్న పులినా అవ్వా?"

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. అత్త ఆ ముక్కను చూడకుండానే పిడికిట్లో పెట్టుకుంది. ఆమె చూపు ఇస్త్రీ బల్ల వైపు ఉంది.

"భుజం కాడ ఇరుకైనట్టున్నది," అంది.

"జెర ఇరుకే. పైకి లేపితే పట్టేస్తదంటడు."

"లోపల కుట్టుల బట్ట ఇడిచి ఉన్నది. ఇప్పి కుట్టుకొమ్మను. నేనే కుట్టిన, నాకు ఎరుకే."

అంతే మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అత్త నాతో ఒక మాట అంది. నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో.

"ఏదన్న ఆగిపోతే, చెడిపోయిందనుకునే ముందుగాల ఆఖరికి ఎవరు ముట్టిన్రో అడగాలె బిడ్డా. ఎందుకు ముట్టిన్రో అడగాలె. మనం ఇన్ని దినాలు తుప్పును తిట్టుకుంట కూసున్నం."

ఆ రోజే పెట్టి చూడలేదు. వాన మొదలైంది. ఆదివారం పొద్దున తాత వచ్చాడు. అత్త రోటర్‌ను కడ్డీకి తొడిగి, మూత పెట్టి, పట్టీలు బిగించింది. తాత హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి అంటుకుంది. బండంతా వణికింది. మామయ్య పూసిన ఎర్ర రంగు ఎక్కడో పెచ్చు ఊడి కింద పడింది. పొగ గొట్టంలోంచి తుప్పు పొడి ఎగిరి తాత తెల్ల ధోవతి మీద పడింది. "ఓయమ్మ, నా ధోతి" అని ఆయన ఎగిరి పక్కకు జరిగాడు. అత్త వచ్చి ఇంటి తలుపుకు ఆనుకుని నిలబడింది. ఇంజను చప్పుడు కుదురుకునేదాకా విన్నది.

పెదమామ జీపు దిగేసరికి కారు నడుస్తూనే ఉంది. ఆయన చేతిలో తాడు ఉంది. కాసేపు దాన్ని పట్టుకునే నిలబడ్డారు. తర్వాత జీపులోకి విసిరేసి, వచ్చి బానెట్ మీద చేయి వేశారు.

"ఉండనీ అమ్మా. నడుస్తున్నది గదా. ఇక్కడ్నే ఉండనీ," అన్నారు.

"ఎవ్వరు నడుపుతరు బావగారూ? నిలబెడితే మల్ల తుప్పే గద. తీస్కపోండ్రి. కబాడీకి మాత్రం ఇయ్యకుండ్రి, మీరు నడుపుకోండ్రి."

ఆయన కాదనలేకపోయారు. జీపును డ్రైవరుకు వదిలి, తానే కారులో కూర్చున్నారు. అత్త కిటికీ దాకా వెళ్ళింది. అంతకు ముందు ఎప్పుడూ ఆయనకు ఎదురుగా నిలబడి మాట్లాడలేదు.

"బండి ఆపినంక మూత తీసి రోటర్ జేబుల ఏసుకోండ్రి. ఇంటికి పోంగనే జేబులకెంచి తీసి ఒక్క జాగల పెట్టుండ్రి. ఇంట్ల అందరికి ఆ జాగ చెప్పుండ్రి."

ఆయన తల ఊపారు. కారు గేటు దాటి, సందు మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది. చప్పుడు ఇంకొంచెంసేపు వినిపించింది. అత్త గేటు వేసింది. కారు నిలబడ్డ చోట నేల మీద చతురస్రంగా పొడి జాగా ఉంది. చుట్టూ తడి. ఆమె చీపురు తెచ్చి అక్కడి తుప్పు పొడి ఊడ్చింది. తర్వాత పొయ్యి వెలిగించి నాకు పాలు కాచి ఇచ్చింది. ఆ రోజు కూడా ఏడవలేదు. ఎప్పుడు ఏడ్చిందో నాకు తెలియదు. అడగలేదు.

పెదమామ ఆ కారును చాలా ఏళ్ళు నడిపారు.

అత్త చెప్పిన పద్ధతి నాకు జీవితమంతా పనికొచ్చింది. ఇంట్లో మోటారు ఆగినా, ఆఫీసులో లెక్క కుదరకపోయినా, ఇద్దరు మనుషుల మధ్య మాట నిలిచిపోయినా, ఆఖరున ముట్టిందెవరు, ఎందుకు ముట్టారు అని ముందు అడుగుతాను. చాలాసార్లు ఏదీ చెడిపోయి ఉండదు. ఎవరో జాగ్రత్త కోసం ఏదో తీసి పెట్టి ఉంటారు. చెప్పడం మరిచిపోయి ఉంటారు. లేదా చెప్పకూడదనుకుని ఉంటారు. అవతలివాళ్ళు అడగకూడదనుకుని ఉంటారు.

ఈ ఏడు మావారు పోయారు. ఆస్పత్రిలో నేను డాక్టర్లను అలాగే అడిగాను. ఒక్కొక్కటే అడిగాను. ఆఖరున ఏం మార్చారు, దానికి ఏమైంది, తర్వాత ఏం చేశారు అని. వాళ్ళు ఓపికగానే చెప్పారు. నాకు అర్థమైనంతవరకు ఎవరి తప్పూ లేదు. ఎవరూ దేన్నీ తీసి ఎక్కడా పెట్టలేదు. అత్త పద్ధతి అంతవరకే వస్తుందని అప్పుడు తెలిసింది. అది కార్లకు చెప్పిన మాట.

ఇంటికి వచ్చాక ఆయన బట్టలు నేనే తీశాను. ఎవరినీ మూటకట్టనివ్వలేదు. ఒక్కో చొక్కా మంచం మీద పరిచి జేబు తిరగేసి చూశాను. ప్యాంట్లు కూడా చూశాను. ఒకదాంట్లో మడిచిన చేతిరుమాలు, ఇంకోదాంట్లో సోంపు గింజలు. మిగతావి ఖాళీ. నేను తిరిగి పెట్టవలసింది ఏదీ దొరకలేదు. రెండు రోజులు పడుతుందనుకున్న పని ఒక పూటలో అయిపోతే మనిషి ఎలా ఉంటాడో అలా కూర్చున్నాను.

బట్టలు ఎవరికివ్వాలని కోడలిని అడిగాను. ఫోనులో నొక్కితే ఎవరో వచ్చి తీసుకువెళ్తారని చెప్పింది. "ఎవరు వేసుకుంటారే?" అన్నాను. "తెలీదు అత్తయ్యా, వాళ్ళే పంచుతారు," అంది. మంచి పిల్ల. చొక్కాలన్నీ మడిచి సంచుల్లో తనే సర్దింది. సంచులు లిఫ్టులో కిందికి వెళ్ళాయి.

పోయినవాళ్ళ బట్టలు తెలిసినవాళ్ళ చేతికి ఇవ్వడం ఇప్పుడు లేదు.